రేవు మాట, ఇంటి మాట

నిజాంపట్నం రేవులో బాపయ్య మాట నమ్మి వల వేసినవాడు బాగుపడలేదని అనేవాళ్లు. ఆ మాటను నలుగురిలో అందరికంటే సంబరంగా చెప్పేది బాపయ్యే. ముప్పై ఏళ్లు మరబోటుకు సరంగుగా చుక్కాని పట్టి, మోకాళ్లు మొరాయించడంతో యాభై ఎనిమిదో ఏట ఒడ్డెక్కిన మనిషి. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఒక కన్ను సగం మూసుకుని చూస్తుంటాడు. నీటి మెరుపులోకి చూసి చూసి ఆ కన్ను అలా అయిందని భార్య పోలమ్మ అంటుంది. అబద్ధాలాడి ఆడి అలా అయిందని ఊరు అంటుంది.

ఆ రేవులో అబద్ధం తప్పు కాదు. చేపలు ఎక్కడ పడ్డాయని పక్క బోటు సరంగును అడగడం తప్పు. అడిగితే చెప్పడం అంతకంటే పెద్ద తప్పు. బోటు నిండా చందువలు దించుతూ కూడా "ఏముందిరా, కూరకైనా లేవు" అనాల్సిందే. తూర్పుకు పోయినవాడు దక్షిణమంటాడు. ఇరవై బారల లోతులో వల లాగినవాడు పది బారలంటాడు. విన్నవాళ్లు బుద్ధిగా తలూపి, అతను చెప్పిన దిక్కు వదిలేసి మిగిలిన మూడు దిక్కుల్లో వెతుక్కుంటారు. ఎవరికీ కోపాలుండవు. రేవులో అన్న మాట రేవుకే సరి. నిజం మాత్రం ఇంటి దగ్గర చెప్పుకోవాలి. పరాయివాడు లేనప్పుడు, అరుగు మీద కూర్చుని, కొడుక్కో మేనల్లుడికో చెప్పాలి. అక్కడ అబద్ధమాడినవాడికి మాత్రం ఆ ఊళ్లో మొహం చెల్లదు.

బాపయ్య ఆడిన అబద్ధాలన్నిట్లోకీ పెద్దది ఓడ. పాతికేళ్ల కిందట ఒక చలికాలం అతనికి ఆగ్నేయంగా ఒకచోట చందువల గుంపు తగిలింది. మరుసటి ఏడు అదే కాలానికి అక్కడే మళ్లీ తగిలింది. మూడో ఏడు అతను తన వల తనే కత్తితో చీల్చుకుని, పాత ఇనుము కొట్లో దొరికిన తుప్పురేకు ఒకటి దాంట్లో ఇరికించుకుని రేవుకొచ్చాడు. అక్కడ నీళ్లడుగున ఓడ మునిగి ఉందనీ, వల చిరిగినా ప్రాణాలతో బయటపడ్డామనీ చెప్పి అందరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతని బోటులో పనిచేసే కళాసీలంతా అన్నదమ్ముల పిల్లలే కాబట్టి ఒక్కడూ పెదవి విప్పలేదు. ఆ కన్నీళ్ల పుణ్యమా అని తొమ్మిదేళ్లు ఏ బోటూ ఆ చాయలకు పోలేదు. పదో ఏట ఎవడో దారి తప్పి అక్కడ వల దించాడు. గుట్టు రట్టయింది. రేవంతా పడీపడీ నవ్వింది. ఆనాటినుంచి అతను ఓడ బాపయ్య.

ఆ తొమ్మిదేళ్లలోనే అక్క కొడుకు యశ్వంత్ అతని బోటులో కళాసీగా చేరి పని నేర్చుకున్నాడు. తన కూతురు ఇందును అతనికే ఇచ్చి చేశాడు బాపయ్య. ఇంటి అరుగు మీద యశ్వంత్‌కు ఒక్కొక్క చోటూ ఒప్పజెప్పాడు. ఏ నెలలో రొయ్య ఎక్కడికొస్తుంది, ఏ గాలికి వంజరం ఒడ్డుకు దగ్గరవుతుంది, ఏ లోతులో బురద నల్లగా ఉంటుంది, ఎక్కడ నిజంగా రాళ్లున్నాయి. రేవులో ఒంటికన్నుతో మాట్లాడే మామ, అరుగు మీద రెండు కళ్లూ తెరిచి మాట్లాడతాడని యశ్వంత్ ఇందుతో చెప్పి నవ్వేవాడు.

ఒడ్డెక్కాక బాపయ్యకు పొద్దు గడవడం కష్టమైంది. వేలం షెడ్డు దగ్గర కూర్చుని వచ్చేపోయే బోట్లకు వంకలు పెట్టేవాడు. అలాంటి రోజుల్లో ఒక తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది వెళ్లిన నెలన్నరకు బాపట్ల నుంచి శశిధర్ అనే ఇంజనీరు జీపులో వచ్చాడు. సముద్రం అడుగున పోయే ఒక కేబుల్‌ను చూసుకునే కాంట్రాక్టు సంస్థలో పని అతనిది. రేవులో అందరికంటే సముద్రం తెలిసిన మనిషి ఎవరని అడిగితే అందరూ బాపయ్యనే చూపించారు.

శశిధర్ సంచిలోంచి జానెడు కేబుల్ ముక్క తీసి అతని చేతిలో పెట్టాడు. మణికట్టంత లావుంది. పైన తారు పూసిన నార, దాని కింద ఉక్కు తీగల పేట, ఇంకా లోపల రాగి గొట్టం, ఆ గొట్టం మధ్యలో వెంట్రుకల్లా నాలుగైదు గాజు పోగులు.

"మాట పోయేది ఈ పోగుల్లోనేనండి. మిగతాదంతా వీటికి కాపలా" అన్నాడు శశిధర్.

"ఈ నాలుగు వెంట్రుకలకి ఇంత బందోబస్తా" అన్నాడు బాపయ్య, ముక్కను తిప్పి తిప్పి చూస్తూ.

అసలు సంగతేమిటంటే, ఆ కేబుల్‌ను బురదలో లోతుగా పాతిపెట్టారు. తుఫానుకు అడుగున బురద కదిలి, పద్దెనిమిది బారల లోతు దగ్గర మూడు కిలోమీటర్ల పొడవున అది పైకి తేలింది. కొన్నిచోట్ల నేలకు ఆనకుండా, బట్టలారేసే తాడులా వేలాడుతోందట. దాన్ని మళ్లీ పాతడానికి రావలసిన ఓడ ఇంకో దేశంలో పనిలో ఉంది. అది వచ్చేదాకా ఆ మూడు కిలోమీటర్ల మీద ఎవరూ వల లాగకుండా, లంగరు వేయకుండా చూడాలి. బాపయ్యకు ఫైబరు పడవ ఒకటి, వైర్‌లెస్ సెట్టు, వీపు మీద కంపెనీ పేరున్న చొక్కా, ఒక రిజిస్టరు ఇస్తారు. ఏ బోటుకు ఎన్ని గంటలకు హెచ్చరిక చెప్పాడో అందులో రాయాలి.

బాపయ్య ఒప్పుకున్నాడు. మళ్లీ నీళ్ల మీదకు పోవచ్చునన్నదే అతనికి కనిపించింది.

ఆ వారమే వేలం షెడ్డులో సరంగుల్ని, కళాసీల్ని పోగేసి శశిధర్ మాట్లాడాడు. ఫోన్లో పై దేశాలకు పోయే మాటా బొమ్మా ఆకాశంలోంచి కాదు, సముద్రం అడుగునుంచే పోతాయన్నాడు.

"మరి మా రేవులో సిగ్నలెందుకు రాదు సార్? తీగ మా కిందనుంచే పోతందిగా" అని అడిగాడొకడు.

"నీకు ఫోన్ చేసేదెవడ్రా, మీ ఆవిడే గదా. నువ్వే ఎత్తవు" అన్నాడు ఇంకొకడు.

నవ్వులు తగ్గాక శశిధర్ మళ్లీ మొదలుపెట్టాడు. "పొరపాటున వల దానికి పట్టుకుంటే వించి మర వేసి లాగొద్దండి. ఆ తీగ తెగదు. మీ బోటే ఒరుగుద్ది. తాళ్లు నరికేసి మాకు చెప్పండి. వల మేం ఇస్తాం."

అప్పుడు అంద్రెయ లేచాడు. యశ్వంత్ ఇప్పుడు సరంగుగా ఉన్న బోటు 'అంకమ్మతల్లి'లో కళాసీ అతను. నోటికి అదుపు లేని మనిషి. "ఏంటి మావా, అప్పుడేమో ఇనప ఓడ, ఇప్పుడు గాజు తీగా? ఇంత తంటా ఎందుకు, ఈసారి ఏం చేపో చెప్పెయ్యి. మేం అటు రాంలే."

షెడ్డంతా గొల్లుమంది. బాపయ్య కూడా ఆపుకోలేక నవ్వాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "ఒట్టురా, నిజంగానే ఉంది. సార్ చూపించాడు" అన్నాడు.

"ఓడప్పుడు ఏడ్చావు, ఇప్పుడు ఒట్టేనా? వయసు మీదపడిపోయింది మావా" అన్నాడు అంద్రెయ.

శశిధర్‌కు ఈ వేళాకోళం అంతు పట్టలేదు. అందరూ నవ్వారు కాబట్టి మీటింగు బాగా జరిగిందని రాసుకుని బాపట్ల వెళ్లిపోయాడు.

బాపయ్య తెల్లవారగానే పడవ తీసుకుని, తీగ తేలిన ఆ మూడు కిలోమీటర్ల గీత మీదకు పోయేవాడు. దూరంగా బోటు కనబడితే సెట్టు అందుకుని, "నేను బాపయ్యని. పద్దెనిమిది బారల కాడికి దిగొద్దు, దక్షిణంగా తిప్పుకో" అని అరిచేవాడు. అవతల నుంచి "అట్నే ఓడ మావా" అని వచ్చేది. ఒకడు "అక్కడ పడేది చందువా, మాగచేపా?" అని అడిగేవాడు. ఇంకొకడు బాపయ్య గొంతు పెట్టి "తీగుంది రోయ్" అని మిగతా బోట్లకు వినిపించేవాడు. చాలామంది తిప్పుకుని పోయారు. తీగను నమ్మి కాదు. పెద్దవాడు ఒక చోటు దాచుకుంటున్నాడు, దాచుకోనిద్దాం అని. ఎవరు ఎందుకు తిప్పుకుంటే ఏం, బోటు తిరిగింది కదా అనుకున్నాడు బాపయ్య. సాయంత్రం రిజిస్టరులో బోటు పేరు, గంట, నిమిషం వంకర టింకర అక్షరాలతో రాసేవాడు. చేతిరాత సంగతి ఎలా ఉన్నా, ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం లేదు. అది అతనికి కొత్తగానూ, కొంచెం గొప్పగానూ ఉండేది.

యశ్వంత్‌కు తీగ మాట వేలం షెడ్డులో ఒకసారి చెప్పాడు. సెట్టులో ఒకసారి చెప్పాడు. రెండుసార్లూ అల్లుడు "సరే మావయ్యా" అన్నాడు.

ఫిబ్రవరి నెలాఖరున ఒక మధ్యాహ్నం యశ్వంత్ అత్తగారింటికొచ్చాడు. మర్నాడు తెల్లవారుజామున వేటకు పోతున్నాడు. పోలమ్మ రొయ్యలూ గోంగూరా వండి పెట్టింది. తిన్నాక అరుగు మీద మామ పక్కన కూర్చున్నాడు. బాపయ్య చిరిగిన వలకు ముళ్లు వేస్తున్నాడు. ఇద్దరూ ఇంజను గురించి, ఐసు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత యశ్వంత్ ఊరికే కూర్చున్నాడు. పోవడానికి లేచాడు. మళ్లీ కూర్చుని చెప్పులు సరిచేసుకున్నాడు.

"ఇంకేవన్నా చెప్తావా మావయ్యా?"

"ఏవుందిరా. గాలి తిరిగేట్టుంది. జాగర్త" అన్నాడు బాపయ్య, ముడి మీదనుంచి కళ్లెత్తకుండా. షెడ్డులో చెప్పాడు, సెట్టులో చెప్పాడు, రిజిస్టరులో రాశాడు. చెప్పవలసింది ఇంకేమీ అతనికి తోచలేదు.

యశ్వంత్ నవ్వుకుంటూ బండి స్టార్టు చేసుకుని పోయాడు.

మర్నాడు ఏడు గంటలకు బాపయ్య గీతకు పడమటి కొసన ఉన్నాడు. తూర్పు కొసన ఒక బోటు వల దించుతూ కనిపించింది. నీలం క్యాబిను చూసి గుర్తుపట్టాడు.

"అంకమ్మతల్లి, అంకమ్మతల్లి. ఒరే యశ్వంతూ, గీత మీద ఉన్నావు. వల ఎత్తెయ్."

"సరే మావయ్యా" అని వచ్చింది. గొంతులో నవ్వుంది. బోటు తిరగలేదు.

బాపయ్య ఏడూ పది అని రాసి, పడవను అటు తిప్పాడు. ఎదురుగాలి. చిన్న ఇంజను. బోటు ముందుకు పోవడం మానేసి ఒకే చోట నిలబడి ఉండటం దూరాన్నుంచే కనిపించింది. పొగ గొట్టంలోంచి నల్లపొగ లేచింది. వించి వేశారని అర్థమైంది. "నరికెయ్యండ్రా, తాళ్లు నరికెయ్యండి" అని సెట్టులో అరుస్తూనే ఉన్నాడు. బోటు వెనక భాగం దిగి, ముక్కు పైకి లేచింది. వెనకనుంచి ఒక కెరటం వచ్చి దాని మీదుగా పోయింది. పెద్ద కెరటమేం కాదు. మామూలుగా అయితే ఆ బోటుకు లెక్కలోది కాదు. కెరటం పోయాక నీలం క్యాబిను కనిపించలేదు.

అతను చేరేసరికి బోటు అడుగు భాగం ఆకాశంలోకి చూస్తోంది. నలుగురు ప్లాస్టిక్ డ్రమ్ముల్ని పట్టుకుని తేలుతున్నారు. వించి తాడు తగిలి అంద్రెయ కాలు మోకాలి కింద నలిగిపోయింది. ఆ నలుగురినీ పడవలోకి లాగాడు. యశ్వంత్ కోసం మధ్యాహ్నం దాకా ఆ చుట్టుపక్కల నీళ్లన్నీ తిరిగాడు. మిగతా బోట్లు వచ్చి అతన్ని బలవంతాన ఒడ్డుకు పంపించాయి.

మూడో రోజు శవం సూర్యలంక ఒడ్డుకు కొట్టుకొచ్చింది. బాపట్ల ఆసుపత్రిలో పోస్టుమార్టం అయ్యేదాకా ఇందు వేపచెట్టు కింద కూర్చుని ఉంది. ఏడవలేదు. తండ్రి దగ్గరకు వెళితే ముఖం తిప్పుకుంది. అంత్యక్రియలప్పుడూ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. పోలమ్మ మాత్రం శోకాల మధ్య, "ఓడ అని వాళ్లనీ వీళ్లనీ ఏడిపించావు. ఇప్పుడు నా కూతుర్ని ఏడిపించావు కదయ్యా" అంది. అతను తలొంచుకుని విన్నాడు. తను మూడుసార్లు చెప్పానన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

పదో రోజు గడిచాక శశిధర్ వచ్చి రిజిస్టరు తీసుకున్నాడు. కేబుల్ తెగలేదు గానీ వంగి, లోపల రెండు పోగులు పాడయ్యాయట. రేపల్లెలో విచారణ ఉంటుందన్నాడు. మంచి మనిషి కాబట్టి తలుపు దగ్గర నిలబడి మెల్లగా చెప్పాడు. "మీ మీద ఏ మాటా రాదండి. మూడుసార్లు హెచ్చరించినట్టు టైముతో సహా ఉంది. సరంగు పెడచెవిన పెట్టాడని రాస్తారు. తప్పు బోటుదవుతుంది."

"బోటుదంటే?"

శశిధర్ గోడ మీద యశ్వంత్ ఫొటో వైపు చూశాడు.

బాపయ్యకు ఒకటే అంతు చిక్కలేదు. యశ్వంత్ పొగరుబోతు కాదు. తన మాట ఎన్నడూ జవదాటలేదు. మర్నాడు పొద్దున్నే రేపల్లెలో పాసింజరెక్కాడు. భట్టిప్రోలులో కూరగాయల బుట్టలెక్కాయి, వేమూరులో కాలేజీ పిల్లలెక్కారు. అతను కిటికీ దగ్గర బిగుసుకుని కూర్చుని తెనాలిలో దిగాడు. అంద్రెయ అక్కడి ఆసుపత్రిలో ఉన్నాడు. కాలు తీసేశారు. భార్య దేవకుమారి మంచం పక్కన స్టూలు వేసి, "కూర్చో మావయ్యా" అంది.

అంద్రెయ అతన్ని చూసి దుప్పటి సర్దుకున్నాడు.

"తాడు నరుకుదామన్నాను మావా. కత్తి తీశాను కూడా. వద్దన్నాడు."

"ఎందుకొద్దన్నాడ్రా? షెడ్డులో సార్ చెప్పాడు. నేనూ చెప్పాను."

"నువ్వు చెప్పబట్టే గదా పోయాం" అన్నాడు అంద్రెయ. ఆ మాట తిట్టుగా కాదు, లెక్క ఒప్పజెప్పినట్టు అన్నాడు. "నెల్రోజుల్నుంచి సెట్టులో ఒకటే అరుపు. యశ్వంతు ఏమన్నాడో తెలుసా? మావయ్య ఇంత కష్టపడి దాస్తన్నాడంటే ఇది ఓడ కంటే పెద్దదిరా, అన్నాడు. నిజంగా తీగే ఉంటే ఇంటి కాడ నాకు చెప్పకుండా ఉంటాడా, అన్నాడు. ముందురోజు మీ ఇంటికొచ్చాడుగా? నువ్వేం చెప్పలేదంటగా. ఇంక ఆడికి అనుమానం లేదు. మావయ్య పెద్దోడైపోయాడు, నా కోసమే కాపలా కాస్తన్నాడు, పైకి చెప్పలేడు, మనమే పోయి తెచ్చుకోవాలి అన్నాడు."

బాపయ్య స్టూలు అంచు పట్టుకున్నాడు.

"వల బిగుసుకుంటే, చూడరా బరువు, చేప నిండిందిరా అన్నాడు. నవ్వతా వించి వేశాడు మావా. కెరటం వచ్చేదాకా నవ్వతానే ఉన్నాడు." అంద్రెయ గోడ వైపు తిరిగాడు. "నేనూ అట్టాగే అనుకున్నాలే. ఆడొక్కణ్ణే అనడానికి లేదు."

దేవకుమారి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది. అతను తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

బరువుగా ఉందన్న ఆ ఒక్క మాట అప్పటికే రేవుకు చేరిపోయింది. మిగిలిన కళాసీలు చెప్పారు. యశ్వంత్ వలలో ఎంత చేప పడిందంటే బోటునే ముంచేసిందని రేవులో కథ పుట్టింది. తెనాలినుంచి తిరిగొచ్చిన మర్నాడు బాపయ్య గీత మీదకు పోతే, అప్పటిదాకా తప్పుకుని తిరిగిన బోట్లే రెండు అక్కడ చుట్టూ తిరుగుతూ లోతు చూసుకుంటున్నాయి. సెట్టు అందుకున్నాడు. బొత్తాం మీద వేలు పెట్టి, నొక్కకుండా కింద పెట్టేశాడు. పడవను వాటి మధ్యకు తీసుకుపోయి, అవి విసుగెత్తి పోయేదాకా అడ్డంగా నిలబెట్టాడు.

ఆ సాయంత్రం నుంచి ఇళ్లకు పోవడం మొదలుపెట్టాడు. రేవులో ఎనభై పైచిలుకు బోట్లున్నాయి. ఒక్కొక్క సరంగు ఇంటికి పోయి, చెప్పులు విప్పి, అరుగు మీద కూర్చునేవాడు. వాళ్లలో సగంమంది చుట్టాలు కారు. కొందరితో పాత తగాదాలున్నాయి. పరాయివాడి అరుగు మీద చోటు చెప్పిన సరంగు ఆ ఊరి చరిత్రలోనే లేడు. కొందరు కంగారుపడి లోపలికి రమ్మన్నారు. కొందరు విని తలూపారు. ఆ ఊపు అతనికి పుట్టినప్పటినుంచి తెలుసు. చెప్పిన దిక్కు వదిలేసి మిగిలిన మూడూ వెతికే ఊపు అది. వాళ్లింటికి రెండోసారి పోయాడు. ఒక ముసలి సరంగు అతని మోకాలి మీద చెయ్యి వేసి, "పిల్లోడు పోయిన దుఃఖంలో ఉన్నావు. ఇంకా ఎందుకు బాపయ్యా ఆ చోటు మీద ఆశ? వదిలెయ్యి" అన్నాడు. ఆ మాటకు బాపయ్య అరుగు దిగి, వీధిలో నిలబడి ఏడ్చాడు. అప్పుడెప్పుడో ఓడ కోసం ఏడ్చిన ఏడుపు చూసినవాళ్లు ఇదీ చూశారు. రెంటికీ తేడా వాళ్లకు తెలియలేదు.

మార్చి నెలాఖరులో రేపల్లెలో విచారణ జరిగింది. ఇందును కూడా పిలిచారు. తండ్రీకూతుళ్లు ఒకే బస్సులో, వేరువేరు సీట్లలో వెళ్లారు. అధికారి పేరు కరుణాకర్. నెమ్మదైన మనిషి. రిజిస్టరు తెరిచి మూడు చోట్ల వేలు పెట్టి చూపించాడు. శశిధర్ పక్కనే ఉన్నాడు. ఇందు గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుంది.

"ఇది మీ చేతిరాతేనా?"

"అవునండి."

"అయితే కేబుల్ సంగతి మీరు సరంగుకు చెప్పారు. అంతేనా?"

బాపయ్య రెండు కళ్లూ తెరిచి ఆయన వైపు చూశాడు.

"చెప్పలేదండి."

శశిధర్ ఉలిక్కిపడ్డాడు. "బాపయ్య గారూ, ఏడూ పదికి కూడా..."

"సెట్టులో అరిచానండి. షెడ్డులో అన్నాను. అవి రేవు మాటలు. ఆడు నా ఇంటికొచ్చి, నా అరుగు మీద కూర్చుని, ఇంకేవన్నా చెప్తావా అని అడిగాడండి. అప్పుడు చెప్పలేదు. మా దగ్గర అదే చెప్పడం. నేను చెప్పలేదు కాబట్టి ఆడికి తెలీదు. తెలీనోడు పెడచెవిన ఎట్టా పెడతాడండి?"

కరుణాకర్ పెన్ను కింద పెట్టాడు. "మీరు చెప్పేది నాకు కొంత అర్థమవుతోంది. కానీ కాగితం మీద అలా రాయడానికి కుదరదు. చెప్పారు, లేదా చెప్పలేదు. రెండే. చెప్పలేదంటే బాధ్యత మీ మీదకొస్తుంది. పని పోతుంది. రిజిస్టరులో దొంగరాతలు రాశారని కూడా అనొచ్చు."

"అనుకోనివ్వండి. చెప్పలేదనే రాయండి."

కింద సంతకం పెట్టాడు. జీవితంలో ఒక్క అబద్ధం లేకుండా రాసుకున్న పుస్తకం అదొక్కటే. దాన్ని అబద్ధమని తనే ఒప్పుకుని బయటికొచ్చాడు. శశిధర్ వెనకాలే వచ్చి, సెట్టూ పడవ తాళమూ ఇచ్చేయమని, ఆ మాట అనడానికి సిగ్గుపడుతూ అడిగాడు.

తిరుగు బస్సులో ఇందు వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఊరు దాటి చేపల చెరువులు మొదలయ్యాక మాట్లాడింది.

"సెట్టులో నువ్వు చెప్పింది నాకు తెలుసు నాన్నా. ముందురోజు మీ దగ్గర్నుంచి రాగానే ఆయన చెప్పాడు. మీ నాన్న నెల్రోజులుగా గొంతు చించుకుంటన్నాడు, మనకోసం ఏదో పెద్దదే దాచాడు అన్నాడు. నేను కూడా నవ్వాను."

బాపయ్య చేతిలోని టికెట్టు మడిచాడు.

"నేను ఫోన్ చేసి, నాన్నా నిజం చెప్పు అంటే చెప్పేవోడివి."

"చెప్పేవోణ్ణి అమ్మా."

"అడగలేదు. చోటు అడక్కూడదు గదా ఆడాళ్లు" అని ఇందు కిటికీలోంచి బయటికి చూసింది. ఆ పూట ఆమె కళ్లు తుడుచుకోవడం అతను చూశాడు. అంతకుముందు చూడలేదు.

నిజాంపట్నంలో బస్సు దిగాక అతను ఇంటివైపు నడవలేదు. అడవులదీవి ఆటోల వైపు తిరిగాడు.

"ఎక్కడికి?"

"ఆ ఊళ్లో ముగ్గురు సరంగులున్నారు. రెండుసార్లు పోయాను. వింటారు, తలూపుతారు. తీగ పాతే ఓడ ఇంకో రెండు నెలలు రాదంట."

"ఇప్పుడు నీకా పని లేదుగా."

"లేదు."

ఇందు కొంగు సర్దుకుని అతనికంటే ముందు ఆటో ఎక్కింది.

అడవులదీవిలో మొదటి ఇల్లు జమలయ్యది. నలభై ఏళ్ల సరంగు, కొత్త బోటు. బాపయ్యను చూసి మళ్లీనా అన్నట్టు నిట్టూర్చి, మర్యాదకు చాప వేశాడు. బాపయ్య చెప్పులు విప్పి కూర్చుని, పద్దెనిమిది బారల దగ్గర మొదలుపెట్టాడు. జమలయ్య అలవాటుగా తలూపడానికి సిద్ధమై, గడప పక్కన నిలబడ్డ ఇందును చూశాడు. బొట్టులేని ఆమె నుదుటి మీద అతని చూపు ఆగిపోయింది. బాపయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. జమలయ్య అతని మాటలు వింటున్నట్టు లేడు.

"అమ్మాయ్, నిజంగానే తీగుందా?" అని ఆమెను అడిగాడు.

"ఉంది మావయ్యా" అంది ఇందు.

జమలయ్య లేచి లోపలికి పోయాడు. బోటునుంచి విప్పి తెచ్చి పెట్టుకున్న జీపీఎస్ పెట్టె తీసుకొచ్చి, బాపయ్య ముందు పెట్టి ఆన్ చేశాడు.

"తీగున్న చోటి నంబర్లు చెప్పు బావా. మెల్లగా" అన్నాడు.